జరీ అంచు, మూడు పాయల జడ

కట్టూ బొట్టూ ఎవరివి వారి సొంతమని లోకం అనుకుంటుంది గానీ, పాతకాలపు తెలుగు అలంకారాన్ని ఒక్కొక్క అంగంగా విడదీసి చూస్తే కట్టుకున్న మనిషి చేతికంటే ఇతరుల చేతులే అందులో ఎక్కువగా కనబడతాయి. పడుగు సవరించిన చేయి ఒకటి, పేక నేసిన చేయి మరొకటి, బుట్టచేతుల రవిక కుట్టిన చేయి ఇంకొకటి, తలకు నూనె అంటి చిక్కు తీసి జడ అల్లిన చేయి వేరొకటి. చేతినేత చీరలూ, మోచేతి దాకా వచ్చే పాతతరం రవికలూ, పూలజడలూ యువతుల్లో మళ్ళీ ఆదరణ పొందుతున్న ఈ రోజుల్లో ఆ చేతుల సంగతి ఆలోచించడానికి గుజరాత్‌లోని సూరత్ నగరం, అందులోనూ సలాబత్‌పురా, తగిన చోటు. అసలు జరీ, దాని నకలు, ఆ రెండింటి నడుమ బతుకు వెతుక్కున్న తెలుగు నేతకుటుంబాలు, ఈ మూడూ అక్కడ ఇరుగుపొరుగుగా ఉన్నాయి.

సూరత్ పాత నగరాన్ని ఆనుకుని బేగంపురా, రుస్తంపురా, నాన్‌పురా వంటి పేర్లతో పేటలు ఉన్నాయి. మన ఊళ్ళ పేర్లలో 'పేట' ఎటువంటిదో అక్కడ 'పురా' అటువంటిది. ఆ వరుసలోనిదైన సలాబత్‌పురా పక్కనే రింగ్ రోడ్డు మీద అంతస్తులపై అంతస్తులుగా బట్టల మార్కెట్లు బారులు తీరగా, పాత నగరపు సందుల్లో ఖత్రీ, రాణా కుటుంబాలు తరతరాలుగా నేతనూ జరీ పనినీ పట్టుకుని వచ్చాయి. 'జర్' అంటే పారసీకంలో బంగారం. జరీ అన్న మాట దాని నుంచి పుట్టినదే. వెండి కడ్డీని అంతకంతకూ చిన్నవయ్యే రంధ్రాల గుండా మళ్ళీమళ్ళీ లాగి వెంట్రుకంత సన్నని తీగగా సాగదీస్తారు. ఆ తీగను నలిపి చదును చేస్తే వచ్చే పలుచని రేకును బాద్లా అంటారు. బాద్లాను పట్టునూలు చుట్టూ సందు లేకుండా పెనవేసి, దానిపై బంగారు పూత పూస్తే తయారయ్యేది కసబ్, అంటే మన నేతగాళ్ళు జరీ అని పిలిచే దారం. భౌగోళిక గుర్తింపు పొందిన ఈ సూరత్ జరీ దేశంలోని పట్టుమగ్గాలకు చేరి అంచుల్లో, కొంగుల్లో కలిసిపోతుంది గనుక, తెలుగింటి పెళ్ళిచీర మెరుపులో సూరత్ పనివారి శ్రమ కూడా తరచుగా ఉంటుంది.

జరీ అంతా ఒకటి కాదన్నది పాత చీరలను ప్రేమించేవారు మొదట నేర్చుకోవలసిన పాఠం. వెండిమీద బంగారు పూత ఉన్నది అసలు జరీ. రాగి తీగకు వెండి పూత పూసి చేసేది నకలు జరీ. పాలిస్టర్ పొరకు లోహపు మెరుపు అద్ది సన్నని పట్టీలుగా కోసి దారంగా మార్చేది ప్లాస్టిక్ జరీ. అమ్మమ్మల నాటి కంచి పట్టుచీర అంచులో ఒక పోగును గోటితో మెల్లగా గీరితే లోపల ఎర్రని పట్టునూలు బయటపడటాన్ని అసలు జరీకి ఆనవాలుగా చెబుతారు. ప్లాస్టిక్ జరీని నిప్పుకు చూపితే ముడుచుకుని కరిగిపోతుంది. అసలు జరీ ఏళ్ళు గడిచేకొద్దీ తళుకు తగ్గి, పసుపు కలిసిన వెన్నెల వంటి ఒక నిదానపు కాంతిని సంతరించుకుంటుంది. పాతకాలపు చీరను చూడగానే గుర్తుపట్టించేది ఆ కాంతే; దాన్ని ఏ కొత్త దారంతోనూ ఒక్కరోజులో తెచ్చిపెట్టడం సాధ్యం కాదు.

నేతవారి వలస ఈ ప్రాంతానికి కొత్తది కాదు. క్రీ.శ. 5వ శతాబ్దపు మందసోర్ శాసనం ప్రకారం, లాట దేశం నుంచి, అంటే నేటి దక్షిణ గుజరాత్ నుంచి, పట్టునేతవారి శ్రేణి ఒకటి దశపురానికి, అంటే నేటి మందసోర్‌కు, తరలివెళ్ళి సూర్యునికి గుడి కట్టించింది. శ్రేణి అంటే ఒకే వృత్తివారు కలిసి కట్టుబాట్లు ఏర్పరచుకున్న సంఘం. వత్సభట్టి అనే కవి రచించిన ఆ శాసనంలో, యవ్వనమూ నగలూ తాంబూలమూ పూలూ అన్నీ అమరినా పట్టుబట్ట లేనిదే స్త్రీ అలంకారం నిండదన్న భావం ఉంది. పనివారు తమ పనిని గురించి ఎంత గర్వపడేవారో దాన్నిబట్టి తెలుస్తుంది. ఒకనాడు నేతవారిని బయటికి పంపిన ఆ నేలకే 20వ శతాబ్దంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు పని వెతుక్కుంటూ వచ్చారు. షోలాపూర్, భివండీ, ముంబయి ఎలాగో వారికి సూరత్ కూడా అలాగే. రైలుపట్టాలకు అవతలి లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వినబడుతుంది, బతుకమ్మ ఆడతారు, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది. అయితే తాతల కాలంలో చేతిమగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న వంశాల వారు ఇక్కడ నిలబడి పనిచేసేది సాంచాల మీద. సాంచా అంటే సిరిసిల్ల ప్రాంతపు వాడుకలో మరమగ్గం. ఆ సాంచాల మీద తయారయ్యేది ఎక్కువగా పాలిస్టర్ బట్ట.

ఆ బట్ట మీదనే సూరత్ మార్కెట్లు పటోలా, బాంధనీ, పోచంపల్లి, కలంకారీ నమూనాలను అచ్చువేసి దేశమంతటికీ పంపుతున్నాయి. దీన్ని చులకన చేయడం న్యాయం కాదు. కూలికి వెళ్ళే ఆడవారికి కూడా పండుగనాడు రంగురంగుల చీర అందుబాటులోకి వచ్చిందంటే అది ఈ అచ్చుల పుణ్యమే, వేలాది కుటుంబాల కూడూ ఆ సాంచాలలోనే ఉంది. కానీ అచ్చువేసిన నమూనా ఒక రూపాన్ని మాత్రమే ఇవ్వగలదు, ఆ రూపం పుట్టిన పద్ధతిని ఇవ్వలేదు. పోచంపల్లి చీరలో నేతకు ముందే నూలును కట్టి రంగులో ముంచుతారు గనుక రంగు పోగులోనే ఉండి, బట్టకు రెండువైపులా పువ్వు ఒకేలా కనబడుతుంది, దాని అంచులు ఈకల్లా కొద్దిగా చెదిరి ఉంటాయి. అచ్చు చీరను తిరగేస్తే వెనుక రంగు వెలిసినట్టుంటుంది. గద్వాల చీరలో నూలు ఒడలినీ పట్టు అంచునూ కలిపేచోట ఒక్కొక్క పేకను మెలివేస్తూ నేసే కుప్పడం పద్ధతి ఉంటుంది. ఆ కలయిక వెంట వేలు నడిపిస్తే నేతగాడు ఎన్నిసార్లు ఆగి చూసుకున్నాడో వేలికే తెలుస్తుంది. ఈ తేడాలు చదవగలిగిన మనిషికి చీర ఒక గ్రంథంతో సమానం, అటువంటి మనిషి ఎంపికకే సొంతం అనే మాట తగుతుంది.

వస్త్రానికి చెప్పినది కేశాలంకారానికీ వర్తిస్తుంది, ఇంకొంచెం గట్టిగానే వర్తిస్తుంది, ఎందుకంటే చీరను మనిషి తానే కట్టుకోగలదు గానీ నిండు జడను, పూలజడను తన వీపు వెనుక తానే వేసుకోవడం దాదాపు అసాధ్యం. పూలజడ కుట్టేవారు వేసవి మధ్యాహ్నం విచ్చని మల్లెమొగ్గలను ఏరి, అరటి దొప్ప మీద కాడలు లోపలికి, మొనలు బయటికి వచ్చేలా సూదితో వరుసగా గుచ్చి, నడుమ కనకాంబరాలూ మరువమూ చేర్చి, దాన్ని అల్లిన జడ మీద పెట్టి దారంతో బిగిస్తారు. సాయంత్రానికి ఆ మొగ్గలు పిల్ల వీపు మీదనే విచ్చుకుంటాయి. తలపైన నాగరం, పాపిడికి ఇరువైపులా సూర్యచంద్రులు, కొసన జడకుచ్చులు, ఇలా ప్రతి నగకూ ఒక స్థానం ఉంది. జుట్టు పలుచబడినవారు వాడే సవరాన్ని, అంటే జడలో కలిపి అల్లే అదనపు పాయను, దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను ఏళ్ళ తరబడి పోగుచేసి కుదురువైపు దారంతో కట్టి తయారుచేసేవారు. వయసులో రాలిన జుట్టే వయసు మళ్ళాక కొప్పుకు నిండుదనం తెచ్చేది.

ఈ విద్యను కళారంగం గౌరవించిన తీరు కూడా గమనించదగినది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ కేవలం ఆభరణం కాదు, తన విద్యకు సాటి ఎవరని సభను అడిగే సవాలు. ఆ పాత్రకు పేరుమోసిన వేదాంతం సత్యనారాయణ శర్మ పురుషుడై ఉండి కూడా ఆ జడ బరువును, గర్వాన్ని వేదికపై మోశారు. నటి సావిత్రి జీవితంపై 2018లో వచ్చిన 'మహానటి' చిత్రానికి వస్త్రాలంకరణలో జాతీయ పురస్కారాన్ని ఇంద్రాక్షి పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు కలిసి అందుకున్నారు. వారిలో గౌరంగ్ షా హైదరాబాద్ కేంద్రంగా జాందానీ నేతకు పేరొందినవారు. పాతకాలాన్ని తెరపై నమ్మించడానికి మగ్గం వైపు వెళ్ళవలసి వచ్చిందన్నది ఈ రంగంలో ఉన్నవారందరూ గుర్తుంచుకోదగిన విషయం.

కాబట్టి పాత ఛాయలో అలంకరించుకోవడమంటే పాత బొమ్మను చూసి దానిలా కనబడటంతో ముగిసే పని కాదు. బట్టనూ జుట్టునూ తీర్చిదిద్దిన చేతులను తెలుసుకుని, వాటి విలువ చెల్లించి, వీలైతే ఆ విద్యలో కొంతయినా తన చేతికి తెచ్చుకోవడం. పెట్టెలోని నాయనమ్మ చీరను కరిగించి వెండి తీసేవారికి అమ్మేముందు ఒక్కసారి విప్పి చూడాలి. దాన్ని మెత్తని నూలుగుడ్డలో చుట్టి, తేమకూ అత్తరుకూ దూరంగా ఉంచి, అప్పుడప్పుడూ నీడలో ఆరబెట్టి మడతల చోటు మార్చాలి, ఎందుకంటే ఒకే మడత దగ్గర ఏళ్ళ తరబడి ఉంటే జరీ విరిగిపోతుంది. కొత్త చీర కొనేటప్పుడు అంచు తిరగేసి చూడాలి, నేసిన ఊరు పేరు అడగాలి. ఇంట్లో జడ వేయడం తెలిసిన పెద్దావిడ ఉంటే ఈ పండుగకు దువ్వెనను ఆమె చేతికి ఇచ్చి, ఆమె ముందు కాసేపు కదలకుండా కూర్చోవాలి.