వరదవర్ణనము – ప్రత్యక్షపరోక్షములు

అనద్యతనభూతమున వక్తకుఁ బరోక్షమైన క్రియకు లిట్టు చెల్లునని పాణినీయము. దీనికి వార్తికకారుఁ డొక యపవాదము చెప్పెను: క్రియ పరోక్షమే యైనను, లోకవిదితమై, వక్త చూడఁగోరినచోఁ జూడఁదగినది యైన యెడల లఙ్ ప్రయోగింపవలెను. యవనుఁడు సాకేతమును ముట్టడించుట భాష్యోదాహరణము. తెనుఁగుక్రియ కీ భేదము లేదు. “ఊరు మునిఁగెను” అన్నవాఁడు గట్టుమీఁద నిలిచి చూచెనో, మఱునాఁడు వినెనో, ఆ క్రియవలనఁ దెలియదు. కాఁబట్టి తెనుఁగున వరదను వర్ణించువాఁడు తన సాక్ష్యమును బదములయందే చూపవలసి యున్నది. నేఁటి వరదపద్యములఁ బెక్కింట నిదియే కొఱవడినది.

దండి చెప్పిన వర్ణనములలో జలక్రీడకుఁ జోటు గలదు, జలప్రమాదమునకు లేదు. అది లక్షణకారుని దోషము కాదు, ఆ పట్టిక యుపలక్షణమాత్రము. కాని పద్యకర్తలు వరదను వర్షర్తువర్ణనమునఁ జొప్పించి, నురుగులను సుడులను గొనియాడి, కడపటి యర్ధపాదమున జనులు దుఃఖించిరని ముగింతురు. కరుణమునకు ఆలంబనము మునిఁగిన యింటివాఁడు గాని నది కాదు. నీటిని జూచి యబ్బురపడుటతో నిలిచిన పద్యము అద్భుతమే యగును.

ఇఁక శ్లేష. సంస్కృత వరదశబ్దము వరోపపదకమగు దాధాతువుపైఁ గప్రత్యయము రాఁగా నేర్పడినది. తెనుఁగు వరద దేశ్యము. రూపసామ్యమే కాని సంబంధము లేదు. ఒండ్రు పెట్టిన లంకపొలముగల రైతు విషయమున నీ శ్లేష చెల్లవచ్చును. భద్రాచలమునొద్ద 53 అడుగులకే మూఁడవ ప్రమాదహెచ్చరిక. 1986 ఆగస్టున గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. ఆ దినములలోఁ జూరు మునిఁగినవాని యెదుట “వరద వరదాయిని” యనుట చమత్కారము కాదు, అనౌచిత్యము.

ఉప్పెన యనుటయు నట్టిదే. ఉప్పెన తుపానుగాలితో సముద్రము భూమిమీఁదికి వచ్చుట; 1977 నవంబరు 19న దివిసీమపైఁ బడినది యది. గోదావరి యట్లు పైఁబడదు. దినములతరబడి యడుగడుగుగాఁ బెరుగును. పశువుల పలుపులు విప్పుటకును, ధాన్యము అటక కెక్కించుటకును వ్యవధి యిచ్చి, పిదప నా యటకను సైతము ముంచును. ఈ యాలస్యమే దాని క్రౌర్యము. దీనిని విడిచిన వర్ణనము వినికిడి.

కూనవరమునొద్ద శబరి గోదావరిలోఁ గలియును. గోదావరి మట్టము పెరిగినపుడు శబరినీరు పోవుటకుఁ దెరపి లేక వెనుకకు మరలి, పైయూళ్ళను ముంచును. దీనిని అచ్చటివారు ‘ఎగపోటు’ అందురు. వరద యెల్లప్పుడు నెగువనుండియే వచ్చునని తలఁచువానికి ఈ పదము తోఁచదు. ఎగువకుఁ జూచుచుండఁగా దిగువనుండి నీరు వచ్చి వాకిలి తాఁకిన వాఁడే దీనిని బలుకఁగలఁడు. తెనుఁగున లఙ్ఙు పని చేయునది యిట్టి మాట. దీర్ఘసమాసము లెన్ని కూర్చినను నింత సాక్ష్యము రాదు.

ఆ కూనవరము, వరరామచంద్రపురము, చింతూరు మండలముల యూళ్ళు పెక్కు పోలవరము జలాశయపు ముంపుప్రాంతమునఁ జేరినవి. ఏటియొడ్డు విడిచి దూరపు కాలనీలకుఁ బోయిన వారి పిల్లలకు ఎగపోటుతోఁ బని యుండదు. నిఘంటుకారు లీ పదములను, ఆ పెద్దలు జీవించియుండఁగానే, వారి నోటనుండి యేఱుకొనవలెను.