బ్రేకు ఎవరు వేయాలి?

మా వీధి చివర సైకిల్ షాపులో ఈ వారం చూసిన పని నాకు ఎంతో నచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయికి వాళ్ళ నాన్న కొత్త సైకిల్ కొనిస్తున్నాడు. మెకానిక్ సీటు కిందికి దించి, ఆ పిల్లని కూర్చోబెట్టి, రెండు కాళ్ళూ నేలకు ఆనుతున్నాయో లేదో చూశాడు. బ్రేకు పట్టుకోమని వెనకనుంచి నెట్టి చూశాడు. "చున్నీ వెనక్కి వదలకమ్మా, నడుముకి ముడేసుకో. చక్రంలో పడిందంటే బ్రేకులేం చెయ్యలేవు" అన్నాడు. ముడి పడేదాకా హ్యాండిల్ వదల్లేదు.

ఈ కాలమ్ చదివేవాళ్ళకు నా మాట తెలిసిందే: పిల్లలకు తొక్కడం నేర్పుతాం, ఆపడం నేర్పం. వానలో రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ముందునుంచే నొక్కుతూ రావాలి. మలుపులో లారీకి ఎడమపక్క దూరకూడదు, డ్రైవరుకు అక్కడి మనిషి కనపడడు. నెదర్లాండ్స్‌లో పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలకు వీధుల్లోనే సైకిల్ తొక్కించి పరీక్ష పెడతారు, మన బళ్ళలోనూ పెట్టాలని చాలాసార్లు రాశాను. ఈసారీ అదే రాద్దామని కూర్చున్నాను.

కానీ ఆ పరీక్ష ఉన్న దేశంలోనే 1971లో నాలుగు వందలమందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. సైకిల్ మీద బడికి వెళ్తూ పోయిన ఒక చిన్నపిల్ల తండ్రి, విక్ లాంగెన్‌హాఫ్, పాత్రికేయుడు. 'పిల్లల హత్యలు ఆపండి' అని 1972లో పత్రికలో రాశాడు. ఆ పేరుతోనే ఉద్యమం లేచింది. తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్లకు అడ్డం నిలబడ్డారు. 1976లో ఇళ్ళ మధ్య కొన్ని వీధుల్లో బండి మనిషి నడకను మించకూడదని చట్టమే వచ్చింది. తర్వాత తర్వాత సైకిళ్ళకు విడిగా దారులు పడ్డాయి. పిల్లలు మారలేదు, రోడ్డు మారింది.

మన దగ్గర 2018 కేంద్ర నోటిఫికేషన్ పట్టణ రోడ్ల మీద కార్లకు గరిష్ఠ వేగం గంటకు 70 కిలోమీటర్లుగా పెట్టింది. రాష్ట్రాలు తగ్గించుకోవచ్చు. 30లో గుద్దే కారుకంటే 60లో గుద్దే కారుకి నాలుగింతల శక్తి ఉంటుంది. హైవే పక్క ఊళ్ళలో డివైడర్ సందు ఎక్కడో దూరాన ఉంటే పిల్లలు రాంగ్ రూట్లోనే బడికి పోతారు, తిట్లు తినేదీ వాళ్ళే. బ్రేకులు ఎంత బాగా పట్టే పిల్లయినా వెనకనుంచి దూసుకొచ్చే కారుని ఆపలేదు.

పరీక్ష అడగడం మానను. దానికంటే ముందు బడి గేటుకు రెండువైపులా స్పీడ్ బ్రేకర్లు, 30 దాటనివ్వని రోడ్డు, హైవే ఊళ్ళలో బడిదాకా సర్వీస్ రోడ్డు అడుగుతున్నాను. మా వార్డు ఆఫీసులో ఇచ్చే అర్జీలో మొదటి సంతకం నాదే.