క్రియలేని సంకల్పం: వ్యక్తిత్వవికాస రచనల్లో స్వీయప్రకటన వాక్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కొత్త వ్యాపారమో వృత్తో ప్రారంభించేవారికి లక్ష్యనిర్ణయాన్నీ, సానుకూల స్వీయప్రకటననూ ఒకే సాధనకు రెండు పేర్లుగా బోధించడం తెలుగు వ్యక్తిత్వవికాస రచనల్లో, శిక్షణ తరగతుల్లో తరచుగా కనిపిస్తుంది. వాక్యనిర్మాణ దృష్టితో పరిశీలిస్తే ఈ రెండూ వేరువేరు. లక్ష్యవాక్యం క్రియాసహితం, స్వీయప్రకటన ప్రాయికంగా క్రియారహితం. ఈ భేదం వ్యాకరణానికే పరిమితం కాదనీ, ప్రయత్నం విఫలమైనప్పుడు ఆ భారం పని మీద పడాలా, మనిషి మీద పడాలా అన్నది దీన్నిబట్టే నిర్ణయమవుతుందనీ ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు సంకల్ప విధానాన్నీ, వాల్మీకి రామాయణంలోని జాంబవంతుని ప్రసంగాన్నీ, కృష్ణా డెల్టాలోని కొన్ని ఆర్థిక సంస్థల ఆరంభాలనూ ఆధారంగా తీసుకున్నాను.

కీలకపదాలు: స్వీయప్రకటన, లక్ష్యనిర్ణయం, క్రియారహిత వాక్యం, సంకల్పం, జాంబవంతుడు, వ్యక్తిత్వవికాసం, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం

కొన్నేళ్ళ క్రితం డిగ్రీలో నా దగ్గర చదువుకున్న ఒక విద్యార్థి హనుమాన్ జంక్షన్‌లో సెల్‌ఫోన్ల దుకాణం తెరవబోతూ ఒక నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. ప్రతి పుటలోనూ ఒకే వాక్యం ఉంది: ‘నేను విజేతను’. రోజుకు 21 సార్లు రాయాలని ఏదో శిక్షణ తరగతిలో చెప్పారట. ‘విజేత’ను అతడు ‘విజేథ’ అని రాశాడు. ఆ అక్షరం దిద్ది, అభినందించి పంపాను. ఏడాదిన్నరకు దుకాణం మూతపడింది. తరువాత కలిసినప్పుడు అతడు పెరిగిన అద్దె గురించి గాని, అరువు పోయిన సరుకు గురించి గాని మాట్లాడలేదు. ‘నేను గట్టిగా నమ్మలేదు మేడమ్, అందుకే పోయింది’ అన్నాడు.

ఆ రోజు నేను దిద్దవలసింది అక్షరాన్నా, వాక్యాన్నా అన్న ప్రశ్నే ఈ పరిశీలనకు మూలం. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారిని నూజివీడు–మచిలీపట్నం మార్గం దాటే చోట ఏర్పడిన ఊరు హనుమాన్ జంక్షన్. ఇటువంటి కూడలి ఊళ్ళలో చిన్న దుకాణాలు తెరుచుకోవడం, మూతపడడం నిత్యం జరిగేదే. తెరిచేటప్పుడు ఏ వాక్యం చెప్పుకుంటున్నాం, మూసేటప్పుడు ఆ వాక్యం మనల్ని ఏం చేస్తోంది అన్నది భాషాసాహిత్య విద్యార్థులు పట్టించుకోవలసిన విషయం.

2. స్వీయప్రకటన – నేపథ్యం

‘అఫర్మేషన్’ పేరుతో నేడు ప్రచారంలో ఉన్న పద్ధతికి ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో ఫ్రాన్స్‌కు చెందిన ఔషధశాస్త్రజ్ఞుడు ఎమీల్ కుఏ (1857–1926) ప్రచారం చేసిన ఆత్మసూచన విధానం ఒక ముఖ్యమైన మూలం. ఆయన రోగులచేత ఉదయం, రాత్రి ఇరవైసార్లు చెప్పించిన వాక్యం, తాను దినదినం మెరుగుపడుతున్నాననే అర్థం కలది. ఇందులో క్రియ ఉంది, క్రమం ఉంది, అసంపూర్ణత ఉంది. నెపోలియన్ హిల్ (1937), నార్మన్ విన్సెంట్ పీల్ (1952), జోసెఫ్ మర్ఫీ (1963) రచనల ద్వారా ఈ పద్ధతి విస్తృత ప్రచారం పొందింది. వారి తరువాతి శిక్షణ సంప్రదాయంలో, కోరుకున్న స్థితి ఇప్పటికే సిద్ధించినట్లు వర్తమానంలో చెప్పుకోవాలన్న నియమం బలపడింది. మెరుగుపడడం అనే వ్యాపారం పోయి, విజేత అనే స్థితి మిగిలింది.

తెలుగులో ఈ ప్రక్రియకు విశేష పాఠకాదరణ తెచ్చిన రచన యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’. బి.వి. పట్టాభిరామ్ రచనలు, ఉపన్యాసాలు దీన్ని కళాశాలలకు చేర్చాయి. ప్రచురణరంగంలో విజయవాడ వహించిన పాత్ర వల్ల ఈ పుస్తకాలు డెల్టా పాఠకులకు అందుబాటులో ఉన్నాయి. ఈ వ్యాసంలోని విమర్శ ఏ ఒక్క గ్రంథం మీదా, రచయిత మీదా కాదు. ఈ సాహిత్యం చుట్టూ పెరిగిన శిక్షణ సంస్కృతిలో స్థిరపడిన ఒక వాక్యరూపం మీద మాత్రమే.

3. వాక్యనిర్మాణ పరిశీలన

ఆంగ్లంలో వర్తమానంలో చెప్పుకునే ఈ ప్రకటనకు ‘ఉండు’ అర్థంలోని క్రియ అవసరం. తెలుగులో ఆ అవసరం లేదు. నామమే ఆఖ్యాతంగా నిలిచి, పురుషబోధక ప్రత్యయాన్ని గ్రహిస్తుంది: నేను రైతును, నువ్వు రైతువు, అతడు రైతు. చేకూరి రామారావు 1975లో వెలువడిన ‘తెలుగు వాక్యం’లో క్రియారహిత వాక్యాలను తెలుగు సామాన్యవాక్యాల్లో ఒక ప్రధాన విభాగంగా వివరించారు. కాబట్టి ఆంగ్ల నియమం తెలుగులోకి వచ్చేసరికి వర్తమానకాల వాక్యం కాకుండా, కాలబోధక ప్రత్యయమే లేని వాక్యం తయారైంది. ‘నేను విజేతను’, ‘నేను కోటీశ్వరుణ్ణి’ అనే వాక్యాల్లో ఎప్పుడు, ఎక్కడ, దేనితో అన్న ప్రశ్నలకు చోటు లేదు. పైగా ‘విజేతను’ అన్న రూపం ద్వితీయావిభక్తి రూపంతో కలిసిపోతుంది. విడిగా చూస్తే అది క్రియకోసం ఎదురుచూస్తున్న కర్మపదంలా కనిపించడం యాదృచ్ఛికమే అయినా అర్థవంతం.

దీనికి లక్ష్యవాక్యాన్ని పోల్చి చూడవచ్చు: ‘వచ్చే నెల 10లోగా నాలుగు దుకాణాల్లో అద్దె విచారిస్తాను’. ఇక్కడ కాలం, పరిమాణం, స్థలం, పని అన్నీ వాక్యాంగాలే. ఆధునిక తెలుగులో ‘–తాను’ రూపం అలవాటునూ, భవిష్యత్తునూ రెండింటినీ తెలుపుతుంది. ‘ఉదయం 5 గంటలకు లేస్తాను’ అన్నప్పుడు అది దినచర్యా కావచ్చు, రేపటి నిశ్చయమూ కావచ్చు. నిశ్చయం అలవాటుగా మారడానికి తెలుగు క్రియలోనే ఒక దారి ఉంది. ఆ దారిని స్వీయప్రకటన వదులుకుంటున్నది.

అసలు భేదం వ్యతిరేకార్థంలో బయటపడుతుంది. ‘విచారిస్తాను’ అన్నది జరగకపోతే ‘విచారించలేదు’ అవుతుంది. అక్కడ నిషేధం పొందినది పని. ఆ పనిని మరునాడు చేయవచ్చు. ‘నేను విజేతను’ అన్నది నిజం కాకపోతే ‘నేను విజేతను కాను’ అవుతుంది. అక్కడ నిషేధం పొందినది మనిషి. నా విద్యార్థి దుకాణం మూసి తనను తానే నిందించుకోవడానికి అతడి బలహీనతే కారణమని అనుకోలేం. అతడికి మేము నేర్పిన వాక్యంలో తప్పు పడటానికి అతడు తప్ప మరో పదం లేదు.

మనస్తత్వశాస్త్ర పరిశోధనల్లో ఈ అభిప్రాయానికి కొంత బలం దొరుకుతుంది. నిర్దిష్టమై, కొంత కష్టసాధ్యమైన లక్ష్యాలు మేలైన ఫలితాలనిస్తాయని ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ నిరూపించారు. అందుకు నిబద్ధత, ఎప్పటికప్పుడు ఫలితం తెలియడం అవసరమన్నారు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో ముందే నిశ్చయించుకున్నవారు పనిని ఎక్కువగా నెరవేరుస్తారని పీటర్ గోల్విట్జర్ 1999లో వివరించారు. జోఆన్ వుడ్ బృందం 2009లో ప్రకటించిన అధ్యయనంలో, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవారికి సానుకూల స్వీయవచనాల పునశ్చరణ మేలుకు బదులు నిరుత్సాహాన్ని కలిగించింది. అంటే ఎవరికి అవసరమని ఈ మందు ఇస్తున్నామో వారికే అది పడటం లేదు. ఇబ్రహీం సెనే, డొలోరెస్ అల్బరసిన్, కెంజి నొగుచి 2010లో ప్రకటించిన ప్రయోగాల్లో నిశ్చయార్థకంగా చెప్పుకోవడం కన్నా ప్రశ్నార్థకంగా తమను తాము అడుగుకోవడం మేలు చేసింది. తెలుగులో ఈ మార్పుకు చివర ఒక ‘ఆ’కారం చాలు: ‘నడపగలను’ – ‘నడపగలనా?’. రెండవ వాక్యం జవాబు కోరుతుంది. జవాబు లెక్కలను కోరుతుంది.

4. సంకల్పం – సంప్రదాయ లక్ష్యవాక్యం

కొత్త పనికి ముందు వాక్యం చెప్పుకోవడం మనకు పరాయి ఆచారం కాదు. దుకాణం తెరిచే రోజు పూజలో చెప్పే సంకల్పం అటువంటిదే. అది ద్వీపం, వర్షం మొదలుకొని శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉన్నామో చెబుతుంది. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం పేర్కొంటుంది. కర్త గోత్రనామాలు, ప్రయోజనం చెప్పి, చివర ‘కరిష్యే’ అన్న భవిష్యదర్థక క్రియతో ముగుస్తుంది. కృష్ణా గోదావరుల నడుమ ఉన్న హనుమాన్ జంక్షన్‌లో చెప్పుకునే సంకల్పంలో ఆ నదీమధ్య స్థానం అక్షరాలా ఆ ఊరి చిరునామాయే.

ఈ వాక్యంలో కర్తకు ఎలాంటి ప్రశంసా లేదు. అతడు ఎక్కడ, ఎప్పుడు నిలబడి ఉన్నాడో, ఏం చేయబోతున్నాడో మాత్రమే ఉంది. ‘కరిష్యే’ ఆత్మనేపద రూపం. క్రియాఫలం కర్తకు చెందుతుందని వ్యాకరణం చెబుతుంది. కానీ ఫలం సిద్ధించిందని వాక్యం చెప్పదు. సంకల్పం పురోహితుని మధ్యవర్తిత్వంతో, చెప్పేవారిలో చాలామందికి అర్థం కాని భాషలో సాగుతుందనీ, అది అన్ని సమూహాలకూ సమానంగా అందిన ఆచారం కాదనీ మరువకూడదు. ఇక్కడ గ్రహించవలసింది కర్మకాండను కాదు, వాక్యనిర్మాణాన్ని.

5. జాంబవంతుని ప్రసంగం

హనుమంతుని పేరున్న ఊళ్ళో ఆత్మవిశ్వాసం గురించి మాట్లాడేవారు తప్పక ఉదాహరించే ఘట్టం కిష్కింధాకాండ చివర ఉంది. తన బలం తాను మరిచిన హనుమంతుడికి జాంబవంతుడు దాన్ని గుర్తుచేస్తాడు. శిక్షణ తరగతుల్లో దీన్ని స్వీయప్రకటనకు సాక్ష్యంగా చూపుతారు. మూలంలోని క్రమాన్ని గమనిస్తే ఆ వ్యాఖ్య నిలవదు.

సుగ్రీవుడు పెట్టిన నెలరోజుల గడువు దాటిపోయింది. వానరులు ప్రాయోపవేశానికి సిద్ధపడిన దశలో సంపాతి ద్వారా సీత జాడ తెలిసింది. సముద్రం ముందు ప్రతి వానరుడూ తన శక్తిని అంకెల్లో చెప్పాడు. గజుడు 10 యోజనాలన్నాడు, గవాక్షుడు 20 అన్నాడు. జాంబవంతుడు తన ముసలితనాన్ని ఒప్పుకుంటూనే 90 అన్నాడు. అంగదుడు 100 యోజనాలు దాటగలనని చెప్పి, తిరిగి రావడంపై సందేహం ప్రకటించాడు. ఎవరూ తమ గురించి పెంచి చెప్పుకోలేదు. ఈ సభను లక్ష్యనిర్ణయ సభ అనడం అతిశయోక్తి కాదు. లక్ష్యం తెలుసు, దూరం తెలుసు, కొరత ఎంతో తెలుసు.

అప్పుడే జాంబవంతుడు మౌనంగా కూర్చున్న హనుమంతుణ్ణి పలకరించాడు. అతడి జన్మవృత్తాంతం, బాల్యంలో సూర్యునివైపు ఎగిరిన సంగతి, ఇంద్రుని వజ్రాయుధంతో హనువు విరగడం, ఆపై పొందిన వరాలు వరుసగా చెప్పాడు. ఈ ప్రసంగంలో మూడు లక్షణాలున్నాయి. మాట్లాడేది ఎదుటివాడు. చెప్పేది జరిగిన పని. అందులో దెబ్బ తిన్న సంగతి కూడా దాచలేదు. ముగింపు లేచి సముద్రం దాటమనే విధ్యర్థక క్రియ. ఆ తరువాతే హనుమంతుడు పెరిగి, తన శక్తిని తాను ప్రకటించాడు. అది ఏకాంతంలో చేసిన పునశ్చరణ కాదు. తనను నమ్ముకున్న సమూహానికి ఇచ్చిన మాట.

ఈ మాట కూడా అతణ్ణి నిరాశ నుండి పూర్తిగా కాపాడలేదన్నది సుందరకాండ చూపే సత్యం. లంకలో ఎంత వెతికినా సీత కనిపించక, తిరిగి వెళ్ళకపోవడమే మేలన్న ఆలోచనదాకా వెళ్తాడు. అక్కడ అతణ్ణి నిలబెట్టింది తన గొప్పతనాన్ని తలచుకోవడం కాదు. వెతకని చోటు ఇంకా ఒకటి ఉందన్న గుర్తింపు. అశోకవనం కనిపించింది, వెతుకులాట మళ్ళీ మొదలైంది. వాల్మీకి చెప్పిన అనిర్వేదం, అంటే నిరుత్సాహపడకుండా ఉండడం, ఒక స్థితిగా కాక తరువాతి పనిగా రూపుకట్టడం ఇక్కడ గమనార్హం.

6. డెల్టా అనుభవం

జంక్షన్ నుండి గుడివాడ మీదుగా సాగే మార్గం బందరు చేరుతుంది. ఆ ఊళ్ళో వైద్యవృత్తిలో ఉన్న భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. నవంబరు 20న నమోదైన ఆ సంస్థ 28న లావాదేవీలు ఆరంభించింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం లక్ష. ఈ రెండంకెలను ఒక వాక్యంగా చదవవచ్చు: చేతిలో ఉన్నది ఇంత, చేరదలచినది ఇంత. ఆకాంక్షను దాచలేదు, ఉన్నదాన్ని పెంచి చూపలేదు. పైగా ఆ లక్ష వాటాదారులది. అంటే నమ్మకాన్ని ఇతరులు కూడా సంతకం చేసి పంచుకున్నారు.

నేటి ఉదాహరణ మహిళా పొదుపు సంఘాలు. కొత్తగా పాడిగేదె కొనాలన్నా, టైలరింగ్ మిషన్ పెట్టాలన్నా సభ్యురాలు సమావేశంలో చెప్పాలి. మొత్తం, వాయిదా, గడువు తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలి, తోటి సభ్యులు సంతకం చేయాలి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, సకాలపు చెల్లింపు, పుస్తక నిర్వహణ అనే పంచసూత్రాలన్నీ క్రియలే. వాయిదా తప్పినప్పుడు సంఘం అడిగేది ‘ఎందుకు కట్టలేదు?’ అని. ఆ ప్రశ్న కఠినంగానే ఉండవచ్చు, సంఘం ఒత్తిడి భారమూ కావచ్చు. అయినా దానికి జవాబు చెప్పవచ్చు. ‘ఎందుకు నమ్మలేదు?’ అన్న ప్రశ్నకు జవాబే లేదు.

7. ఒక ఆక్షేపణ – సమాధానం

క్రియారహిత వాక్యమే దోషమా అన్న ఆక్షేపణ రావచ్చు. దళిత, స్త్రీవాద కవిత్వాల్లో ‘నేను’ను నామంతో ప్రకటించడం గొప్ప శక్తిగా పనిచేసింది. కానీ ఆ ప్రకటనకు శ్రోత ఉన్నాడు. ఆ గౌరవాన్ని నిరాకరించిన సమాజాన్ని ఉద్దేశించి చెప్పిన ప్రత్యుత్తరం అది. ఆ వాక్యం సత్యం కావడానికి భవిష్యత్ ఫలితం అవసరం లేదు, మనిషి మనిషే. వ్యాపారి విజేత కావడం అటువంటి సహజసత్యం కాదు. అది అద్దెతో, గిరాకీతో, పెట్టుబడితో ముడిపడిన భవిష్యత్తు. రెండింటినీ ఒకే వాక్యంలో పోయడమే పొరపాటు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలివి:

• కోరుకున్న స్థితిని వర్తమానంలో చెప్పుకోవాలన్న ఆంగ్ల నియమం తెలుగులో కాలబోధ లేని క్రియారహిత వాక్యంగా మారింది.

• లక్ష్యవాక్యం విఫలమైతే పనిని, స్వీయప్రకటన విఫలమైతే మనిషిని నిషేధిస్తుంది.

• సంకల్పం, జాంబవంతుని ప్రసంగం, బ్యాంకు మూలధన ప్రకటన, సంఘం తీర్మానం అన్నింటిలోనూ కాలం లేదా పరిమాణం, చేయవలసిన పని, వినే సాక్షి – వీటిలో కనీసం రెండైనా ఉన్నాయి. నోటుపుస్తకంలోని వాక్యంలో ఒక్కటీ లేదు.

వ్యక్తిత్వవికాస సాహిత్యాన్ని విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు చాలాకాలం సాహిత్యేతరమని పక్కన పెట్టాయి. మన విద్యార్థులు మాత్రం దాన్నే చదువుతున్నారు, దాని వాక్యాలతోనే అప్పులు తెస్తున్నారు. అందువల్ల ఆ వాక్యాలను పరిశోధనాంశంగా స్వీకరించడం మన బాధ్యత. ఆ నోటుపుస్తకం మళ్ళీ నా ముందుకు వస్తే ‘థ’ను ‘త’గా దిద్దడంతో ఆగను. ‘వాక్యం ఇంకా పూర్తికాలేదు నాయనా, క్రియ రాయి’ అంటాను. ఆ తరువాత కూర్చుని అద్దె ఎంతో అడుగుతాను.