చదువదగినవి, వ్రాయవలసినది: తెలుగున చారిత్రక సాహస నవల

చారిత్రక నవలను మెచ్చుకొనే విమర్శకులు మనలో ఉన్నారు. సాహస కథను ప్రేమించే పాఠకులు అంతకు నూరింతలున్నారు. ఈ రెండును కలిసిన చోట మాత్రము విమర్శకుడు మౌనము వహిస్తాడు. అర్ధరాత్రివేళ కోటగోడ జారి దిగిన వేగులవానిని గురించి, మారువేషమున శత్రుశిబిరము చొచ్చిన సేనానిని గురించి ముచ్చటించుట తన పెద్దరికమునకు తగదని ఆయన ఊహ. ఇది న్యాయము కాదు. దండి దశకుమారచరితమును 13వ శతాబ్దిలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చినాడు. దొంగతనములు, మారువేషములు, అపహరణములు నిండిన ఆ కథలను స్వీకరించుటకు కవిబ్రహ్మకు లేని సంకోచము మనకెందుకు?

సాహస కథను కోరే పాఠకుని రుచి తక్కువది కాదు. ఆ రుచికి తగిన గ్రంథమేదో చెప్పకపోవుటయే లోపము. ఈ వ్యాసము ఆ పాఠకుని కొరకు వ్రాసినది. అయితే ఏ నవలను సిఫారసు చేయుటకైనా ఒక కొలబద్ద కావాలి. నాకు తోచిన కొలతలు మూడు. మొదటిది: సాహసము ఆ కాలమునుండి పుట్టినదై ఉండాలి. కథను ఎత్తి మరొక శతాబ్దిలో పెట్టినా చెక్కుచెదరకపోతే, అందులోని చరిత్ర వేషము మాత్రమే. రెండవది: అపాయము నిజమైనదై ఉండాలి. నాయకుడు ఏదియో ఒకటి పోగొట్టుకొనే అవకాశము లేనప్పుడు ఎన్ని కత్తులు మెరిసినా మన గుండె కదలదు. మూడవది: శత్రువు మనిషియై ఉండాలి. ఈ మూడవదియే కష్టమైనది. మన నవలలు పెక్కు ఇక్కడనే తడబడినవి.

ఈ జాతి నవలకు యూరపులో దారి తీసినవాడు వాల్టర్ స్కాట్. ఆయన 'వేవర్లీ' 1814లో వెలువడినది. దానికి వేగమును నేర్పినవాడు 'ముగ్గురు మస్కెటీర్ల' కర్త డ్యూమా. మన దేశమున బంకించంద్రుని 'దుర్గేశనందిని' 1865 నాటిది. తెలుగున చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 1890ల నాటికే 'హేమలత'తో ఈ బాట తొక్కినారు. ఆయనయే టాడ్ దొర గ్రంథమునుండి 'రాజస్థాన కథావళి'ని కూడా తెలుగువారికి అందించినారు. 1906లో వెలసిన విజ్ఞానచంద్రికా మండలి కొమర్రాజు లక్ష్మణరావు గారి దీక్షతో చరిత్ర గ్రంథములను, వాటితోపాటు చారిత్రక నవలలను ప్రోత్సహించినది. కేతవరపు వేంకటశాస్త్రి గారి 'రాయచూరు యుద్ధము' ఆ కాలపు ఫలము. ఈ తొలి నవలలను నేటి పాఠకుడు చరిత్రాభిమానముతో చదవాలి. కథావేగము కొరకు చదివితే నిరాశ పడవచ్చు. అవి దేశభక్తిని బోధించుటకు పుట్టినవి. కథ చెప్పుట వాటికి రెండవ పని.

కథ చెప్పుటయే మొదటి పనిగా పెట్టుకొన్నవారు అడివి బాపిరాజు గారు (1895–1952). ఈ మార్గమున కొత్తగా అడుగుపెట్టే పాఠకునకు నేను మొదట చేతికిచ్చే గ్రంథము 'గోన గన్నారెడ్డి'. పెండ్లి పందిటినుండి పెండ్లికుమారుని ఎత్తుకుపోవుటతో కథను ఆరంభించుటకు ధైర్యము కావాలి. లోకము గజదొంగ అనుకొన్నవాడు నిజమునకు రుద్రమదేవి సింహాసనమునకు కావలి అని పాఠకునకు మెల్లమెల్లగా తెలిసివస్తుంది. స్త్రీ పాలనను సహింపని సామంతులు, అవకాశము కొరకు కాచుకొన్న దేవగిరి యాదవులు, ఈ రెంటి నడుమ ఓరుగల్లు. సాహసము ఇక్కడ అలంకారము కాదు; ఆ రాజకీయమునుండియే పుట్టినది. కనుక మన మొదటి కొలతకు ఈ నవల నిలుస్తుంది. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' చలనచిత్రము చూచి గన్నారెడ్డిని ఎరిగినవారు ఈ పుస్తకము తెరచి చూడవలెను. తెరమీది వీరుడు నవ్వించి వెళ్ళిపోతాడు; పుస్తకములోనివాడు అపకీర్తిని మోస్తాడు.

గన్నారెడ్డి కేవలము కల్పితుడు కాడు. గోన బుద్ధారెడ్డి పేర వెలసిన రంగనాథ రామాయణము మనకున్నది. ఆ గోన వంశమువాడే ఈ సేనాని. రాయచూరు కోటలో దాదాపు 41 అడుగుల పొడవైన ఒకే రాతిపై 1294 నాటి తెలుగు శాసనమున్నది. గోన గన్నయరెడ్డి ఆజ్ఞచే విఠలుడు ఆ కోటను కట్టించినట్లు అది చెబుతుంది. నవల చదివిన పిమ్మట ఆ రాతిని చూచినవానికి కథానాయకుని చేతిస్పర్శ తగిలినట్లుంటుంది. మరొక విశేషము. రుద్రమదేవి మరణమును తెలిపే 1289 నాటి చందుపట్ల శాసనము బాపిరాజు గారి తరువాతి కాలమున వెలుగులోనికి వచ్చినది. ముదిమిలో ఆమె, ఆమె సేనాని మల్లికార్జుననాయకుడు ఒక్కసారే మరణించిరని దానివలన తేలినది. కాయస్థ అంబదేవునితో జరిగిన పోరులో వారు నేలకొరిగి ఉందురని చరిత్రకారుల ఊహ. బాపిరాజు గారు యౌవనమును వ్రాసినారు. ఆ వార్ధక్యమును వ్రాసే నవలాకారునకు శిలాక్షరములు నేడు సిద్ధముగా ఉన్నవి.

'హిమబిందు'లో విషకన్య, శిల్పి, వర్తకపుత్రిక కలసి శాతవాహనుల ధాన్యకటకమును మన కన్నుల ముందు నిలుపుతారు. 'అడవి శాంతిశ్రీ' ఇక్ష్వాకుల విజయపురి కథ. ఆ లోయ నేడు నాగార్జునసాగరపు నీటిలో ఉన్నది. అందులో తిరుగాడుటకు మిగిలిన దారులలో ఆ నవల ఒకటి. బాపిరాజు గారి లోపమును కూడా చెప్పవలెను. ఆయన చిత్రకారుడు. వర్ణన వచ్చినప్పుడు కథను ఆపి కుంచె పట్టుకొంటారు. ఆయన నాయికలందరు సుందరులే, నాయకులందరు ధీరోదాత్తులే. సాహసప్రియుడు ఆ పుటలను ఓర్చుకొని దాటినచో ఆవలి ఒడ్డున కథ అతనికై వేచియే ఉంటుంది.

విశ్వనాథ సత్యనారాయణ గారి వద్దకు వచ్చినప్పుడు పాఠకుడు తన అంచనాలను మార్చుకొనవలెను. 'ఏకవీర'లో మధుర నాయకుల రాజ్యమున్నది, ఖడ్గములున్నవి. కాని అసలు పోరు ఇద్దరు మిత్రుల గుండెలలో జరుగుతుంది. అపాయము నిజమైనదై ఉండాలన్న రెండవ కొలతకు ఇంతగా సరిపోయిన తెలుగు నవలలు కొద్ది. వేగము కోరినవారు 'కడిమిచెట్టు', 'బద్దన్న సేనాని' చదువవచ్చును. పన్నెండు నవలల 'పురాణవైర గ్రంథమాల', ఆరేసి నవలలైన కాశ్మీర, నేపాళ రాజవంశ కథలు వేరు జాతివి. పాశ్చాత్యులు నిర్ణయించిన కాలక్రమమును కాదని పౌరాణిక వంశక్రమమును స్థాపించుటకు ఆయన వాటిని వ్రాసినారు. ఆ వాదమును అంగీకరింపనివాడు కూడా వాటిలోని కుట్రలను, మంత్రతంత్రములను ఆసక్తితో చదువగలడు. అయితే వాటిని చరిత్రగా గాక కథగా చదువవలెనని నా మనవి.

నోరి నరసింహశాస్త్రి గారిది మూడవ మార్గము. ఆయన సాధనము శాసనము, కావ్యము. 'కవిసార్వభౌముడు'లో శ్రీనాథుడు నాయకుడు. గౌడ డిండిమభట్టుతో వాదమునకు దిగుట ద్వంద్వయుద్ధమునకు తీసిపోదు. 'నారాయణభట్టు'ను ఒక ప్రత్యేక కారణమున సిఫారసు చేస్తున్నాను. కల్కి గారి 'పొన్నియిన్ సెల్వన్' 1950–54 నడుమ తమిళమున ధారావాహికగా వచ్చి, 2022, 2023లలో చలనచిత్రమై దేశమంతట మారుమ్రోగినది. ఆ కథలోని యువరాజే తరువాత రాజరాజచోళుడు. ఆయన కూతురు కుందవ్వ వేంగి విమలాదిత్యుని పెండ్లాడినది. వారి కుమారుడు నన్నయను పోషించిన రాజరాజనరేంద్రుడు. సవతి సోదరుడు విజయాదిత్యునితో సింహాసనము కొరకు పోరు, ఒకవంక చోళులు, మరొకవంక కల్యాణి చాళుక్యులు, నడుమ రాజమహేంద్రవరమున భారతాంధ్రీకరణము. కల్కి నవల ముగిసిన చోట ఏమి చదువవలెనని అడిగే తెలుగు యువకులకు జవాబు మన ఇంటిలోనే ఉన్నది.

మూడవ కొలతకు, అనగా శత్రువును మనిషిగా చూపుటకు, తెన్నేటి సూరి గారి (1911–1958) 'చెంఘిజ్ ఖాన్' నిలిచినట్లు మరొకటి నిలువదు. లోకము రాక్షసునిగా తలచినవానిని గోబీ ఎడారి గాలిలో, తెగల పగల నడుమ, తండ్రిని పోగొట్టుకొన్న బాలుడుగా చూపి ఆయన కథ నడిపినారు. తెలుగు గాలి సోకని దేశము, తెలుగువాడు లేని కథ. అయినను పాఠకుడు పుస్తకము క్రింద పెట్టలేడు. డికెన్సు నవలను 'రెండు మహానగరాలు'గా అనువదించిన చేయి అది. గుర్రపు డెక్కల వేగముతో వాక్యము నడుపుట ఆ చేతికి తెలుసు. ఒక్క పుస్తకమే చదివే తీరిక ఉన్నవారికి నేను దీనినే ఇస్తాను.

మల్లాది వసుంధర గారి 'తంజావూరు పతనము' 1673లో విజయరాఘవనాయకునితో అస్తమించిన రాజ్యపు కథ. పిలకా గణపతిశాస్త్రి గారి 'విశాలనేత్రాలు' శ్రీరంగమున ఒక మల్లుని ప్రేమకథ. ఓటమిని, లొంగుబాటును గూడ సాహసముగా చూపవచ్చునని ఈ రెండును నిరూపిస్తవి.

ఇన్ని నవలలలో పల్లకీ ఎక్కినవారున్నారు. మోసినవారి మాట వినబడదు. ఈ కొరతను తీర్చినది బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి'. 18వ శతాబ్దపు రాయలసీమ, కరవు, పాలెగాండ్ర దౌర్జన్యము, కులపు సంకెల, స్త్రీల దైన్యము ఇందులోని వస్తువు. దీనికి 2019లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. సాహసమునకు రాజవంశము అక్కరలేదని, బ్రతికి ఉండుటయే సాహసమైన కాలములున్నవని ఈ నవల చెప్పినది.

అనువాదకునిగా ఒక మాట. బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ విజయనగరమును గురించి 1965లో 'తుంగభద్రార్ తీరే' వ్రాసినారు. గుజరాతీలో మున్షీ, తమిళమున కల్కి తమ రాజ్యముల కథలను దేశమునకు తెలిపినారు. మన గన్నారెడ్డి ఇతర భాషలలో ఎందరికి తెలుసు? అనువాదము కష్టమే. కాకతీయుల కాలపు 'లెంక' అన్న ఒక్క మాట చాలును. ప్రభువుతోపాటు ప్రాణము విడుతునని ప్రతిన పూనిన వీరుడతడు. హిందీలో సేవకుడనిన చిన్నబోతాడు, సైనికుడనిన మారిపోతాడు. ఆ మాటను మాటగానే ఉంచి, కథచేతనే దాని అర్థము చెప్పించవలెను. ఈ కష్టమునకు వెరచి మానుకొనుట మాత్రము తగదు.

ఇక వ్రాయవలసిన నవల. 1323లో ఓరుగల్లు పడినది. ఢిల్లీకి కొనిపోబడుతూ ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున అసువులు బాసినాడు. ఆయనతో బందీయైన ఒక తెలుగు అధికారి ఢిల్లీ చేరి, మతము మార్చుకొని, మాలిక్ మక్బూల్ అయి, ఫిరోజ్‌షా తుగ్లక్‌కు ప్రధానమంత్రియై, ఖాన్-ఇ-జహాన్ బిరుదమందినాడు. సుల్తాను సింధు దండయాత్రలో దారి తప్పి నెలల తరబడి జాడ తెలియనప్పుడు, క్షేమవార్త వచ్చినదని ప్రకటించి ఈయన రాజధానిని నిలిపినట్లు చరిత్రకారుడు అఫీఫ్ వ్రాసినాడు. మారన తన మార్కండేయపురాణమును అంకితమిచ్చిన నాగయ గన్నసేనాని ఇతడేనని కొందరు పరిశోధకుల అభిప్రాయము. మన పెద్దన మనుచరిత్రకు మూలమైన పురాణమది! అతని అష్టకోణ సమాధి నేటికిని ఢిల్లీ నిజాముద్దీనులో ఉన్నది. అతడు కొలిచిన సుల్తాను పేరిటి వీధిలోనే జాతీయ అకాడమీ కార్యాలయమున్నది.

వేదం వేంకటరాయశాస్త్రి గారు 1897లో 'ప్రతాపరుద్రీయము' నాటకమున మంత్రి యుగంధరుని చేత పిచ్చివాని వేషము వేయించి, ఢిల్లీ సుల్తానునే బంధింపించినారు. ఓడిన జాతికి ఆ కల్పన ఔషధము వంటిది, దానిని తప్పుపట్టను. కాని ఏడు శతాబ్దుల క్రిందటి ఓటమికి ఇంకను ఔషధమే కావలెనా? జరిగిన కథ అంతకన్న వింతది. అతడు ద్రోహియా? బ్రతుకనేర్చినవాడా? ఢిల్లీ దర్బారులో తెలుగు పద్యమెప్పుడైన తలపునకు వచ్చెనా? ఈ ప్రశ్నలకు చరిత్ర బదులు చెప్పదు, నవల చెప్పవలెను. శత్రువు మనిషియై ఉండాలన్న కొలతకు ఇంతకన్న కఠినపరీక్ష లేదు, ఇక్కడ శత్రువు మనవాడే కనుక.

పాఠకునకు నా వరుస ఇది: మొదట 'గోన గన్నారెడ్డి', తరువాత 'చెంఘిజ్ ఖాన్', ఆపై 'నారాయణభట్టు', 'ఏకవీర', చివర 'శప్తభూమి'. ఈ అయిదును చదివినవాడు ఆరవదానిని అడుగక మానడు. దానిని వ్రాసేవారు నిజాముద్దీను వచ్చి ఆ ఎనిమిది ముఖముల సమాధి చుట్టు ఒకసారి తిరిగి వెళ్ళుదురు గాక.