సి ఎందుకయింది?

విమానాల గురించి నాకు తెలిసింది కిటికీ పక్క సీటు దాకానే. అయినా నాలుగు నెలలుగా రాత్రి భోజనాలయ్యాక పైలట్ పరీక్షల ప్రశ్నలు అడిగేది నేనే. మా అక్క కూతురు కాకినాడ నుంచి వచ్చి, హైదరాబాద్‌లో మా ఇంట్లో ఉండి, కమర్షియల్ లైసెన్సు పేపర్లకి చదువుతోంది. నేవిగేషన్, మెట్ (అంటే వాతావరణం), రెగ్యులేషన్స్, టెక్నికల్. విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ పెట్టే ఈ పేపర్లలో దేంట్లోనైనా నూటికి 70 రావాల్సిందే. 69 వస్తేనో అని అడిగాను. "సున్నా వచ్చినట్టే మావయ్యా" అంది.

మొదటి వారం నేను క్వశ్చన్ బ్యాంకులోంచి ప్రశ్న సగం చదవగానే "సి" అనేది. చూస్తే నిజంగానే సి. ముచ్చటపడ్డాను. ఒకరోజు తిక్క పుట్టి ఆప్షన్లు కింద నుంచి పైకి చదివాను. మళ్ళీ "సి" అంది. ఈసారి తప్పు. "అలా తిప్పి చదవకూడదు" అని నామీదే కోప్పడింది.

క్వశ్చన్ బ్యాంకుని నేను తీసిపారెయ్యను. ఎక్కాలు వల్లించి పెద్దయినవాణ్ణి. వాతావరణ రిపోర్టుల్లో బీఆర్ అంటే పలచటి మంచు, ఎఫ్‌యూ అంటే పొగ. ఇంగ్లీషులో వెతికితే ఆ అక్షరాల జాడ దొరకదు, ఫ్రెంచి మాటల్లోంచి వచ్చాయి. ఇలాంటివి బట్టీ పట్టక చేసేదేముంది? రెగ్యులేషన్స్ సగం అంతే.

ఆల్టీమీటర్ దగ్గరే మా ఇద్దరికీ చెడింది. ఎక్కువ పీడనం ఉన్న చోటి నుంచి తక్కువ ఉన్న చోటికి సెట్టింగ్ మార్చకుండా వెళితే అదేం చూపిస్తుంది? "ఉన్నదానికంటే ఎక్కువ. సి." ఎందుకని? "సార్ చెప్పారు."

ఆ రాత్రి పుస్తకం మూసి కాగితం తీశాం. ఎత్తు కొలిచే ఆ పరికరానికి ఎత్తంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసిందల్లా గాలి పీడనం. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది కనక, ఎక్కడ తగ్గినా పైకొచ్చేశాననుకుంటుంది పాపం. సెట్టింగ్ 1013 పెట్టుకుని విశాఖ బయల్దేరామనుకుందాం. అక్కడ తుపాను, క్యూఎన్‌హెచ్ (అంటే సముద్ర మట్టానికి లెక్కగట్టిన పీడనం) 993. తేడా 20 హెక్టోపాస్కల్స్. లెక్క సులువుకి ఒక్కోదానికీ 30 అడుగులు వేసుకున్నా 600 అడుగులు. ముల్లు 1,600 మీద ఉంటే మనం ఉన్నది 1,000 దగ్గర. కాగితం కేసి కాసేపు చూసి, "అక్కడ సింహాచలం కొండ ఉంది కదా మావయ్యా" అంది. ఆ రాత్రి ఇంక సి అనలేదు.

మర్నాడు తనే నన్ను బాల్కనీలోకి లాక్కెళ్ళింది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం ఎడమవైపు ఉంటుందట. 1857లో బైస్ బలోట్ అనే డచ్చి శాస్త్రవేత్త చెప్పిన సూత్రం. కాకినాడ బీచిలో ఉత్తరపు గాలి కొడుతోందనుకో, అన్నాను. దక్షిణానికి తిరిగి ఎడమ చెయ్యి చాచింది. చెయ్యి తూర్పుకి, సముద్రం మీదికి పోయింది. చిన్నప్పటి నుంచీ రేడియోలో వాయుగుండం కబుర్లు వింటూ పెరిగిన పిల్ల, అది ఎటు ఉందో చేత్తో చూపించడం అదే మొదటిసారి.

టైము లెక్కల్లో మా అమ్మ కూడా దూరింది. మన గడియారాలన్నీ 82½ డిగ్రీల రేఖాంశానివి, డిగ్రీకి 4 నిమిషాల తేడా. ఆ లెక్కన హైదరాబాద్ పొద్దు గడియారానికి 16 నిమిషాలు వెనక, కాకినాడది ఒక్క నిమిషమే. ఫోన్లో ఇది చెబితే, "పంచాంగంలో ఊరూరికీ సూర్యోదయం వేరని నేనెప్పుడో చెప్పాగా, అప్పుడు విన్నారా" అంది.

మొన్న ఫలితాలొచ్చాయి. మెట్‌లో 82. నేవిగేషన్‌లో 66. లెక్కలు తెలిసినవేనట, టైము చాలలేదట. ఒక్కో ప్రశ్న దగ్గరా ఆగి ఆలోచించే అలవాటు చేసింది నేనే. పోయిన నాలుగు మార్కుల్లో రెండైనా నా ‘ఎందుకు’లకి పోయి ఉంటాయని అనుమానం. పిల్ల ఆ మాట అనలేదు. అననందుకే ఇంకా గిల్టీగా ఉంది.

మళ్ళీ మొదలెట్టాం, ఈసారి నా చేతిలో ఫోన్లో స్టాప్‌వాచ్ కూడా. లెక్కలకి తను వాడేదాన్ని నేవిగేషన్ కంప్యూటర్ అంటారు గానీ దానికి కరెంటూ లేదు, బ్యాటరీ లేదు. వేలితో తిప్పుకునే చక్రాలు. పప్పుగిన్నె పక్కనే పడి ఉంటుంది. నిన్న దానిమీద పప్పు మరక చూసి మా ఆవిడ తడిగుడ్డ తెచ్చేసరికి పిల్ల కేకపెట్టింది, గాలి లెక్క కోసం అక్కడ పెన్సిల్‌తో పెట్టిన చుక్క చెరిగిపోతుందని.