వాడి పారవేయు కణపాత్రలు: గుణదోష విచారము

సీతంపేట కొండలలోని సవరలు, జాతాపులు సేకరించు అడ్డాకులతో కుట్టిన విస్తళ్ళలో మనము పెండ్లి భోజనములు చేయుదుము. తిన్న పిమ్మట విస్తరిని కడుగ పనిలేదు. ఒకరి ఎంగిలి మరియొకరికి అంటదు. జీవకణములను పెంచుటకు నేడు వాడుచున్న చిన్న ప్లాస్టిక్ బయోరియాక్టర్లను మెచ్చుకొనువారు కూడ మొదట ఈ గుణమునే చెప్పుదురు. ఆ మెప్పు ఎంతవరకు తగునో విచారింతము.

క్షీరదముల కణములను శరీరము వెలుపల పెంచు పాత్రయే బయోరియాక్టరు. 2007లో హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థ ‘రెడిటక్స్’ పేర విడుదల చేసిన రిటుక్సిమాబ్, లింఫోమా అను కాన్సరుకు ఇచ్చు మందు. దీనిని తయారు చేయునవి హామ్‌స్టర్ అను చిట్టెలుక అండాశయ కణములు. బాక్టీరియాకున్న గట్టి కవచము వీటికి లేదు. అనుకూల స్థితిలో కొన్ని బాక్టీరియాలు 20 నిమిషములకే రెట్టింపగును. ఈ కణములకు సుమారు ఒక దినము పట్టును. కనుక ఒక్క బాక్టీరియా చొరబడినను పెంపకమంతయు పాడగును. ఉక్కు తొట్టిని క్షారముతో కడిగి, సుమారు 121 డిగ్రీల ఆవిరితో శుద్ధి చేయవలెను. ప్లాస్టిక్ పాత్ర గామా కిరణములచే ముందే శుద్ధియై వచ్చును. నీరు, ఆవిరి, కాలము మిగులును. ఈ గుణము నిజమైనదే.

1999లో విజయ్ సింగ్ ప్రకటించిన పద్ధతిలో ప్లాస్టిక్ సంచిని ఉయ్యెలవలె ఊపుదురు. లోపలి ద్రవములో అలలు లేచి ప్రాణవాయువు కరగును. రెక్కలతో చిలుక నక్కరలేదు. స్విట్జర్లాండులోని లోజాన్ నగరమున ఫ్లోరియన్ వూర్మ్ బృందము 50 మిల్లీలీటర్ల గొట్టములను ఈ పనికి మలచినది. ఒకేసారి అనేక గొట్టములను కదలించి, వాటిలో మేలైన కణములను ఎంచవచ్చును.

అయితే పాత్ర గోడ ఊరకుండునని తలచరాదు. కొన్ని సంచులలో కణములు సరిగా పెరుగకపోవుటకు కారణమును 2013లో అమెరికాలోని ఆమ్‌జెన్ పరిశోధకులు వెల్లడించిరి. ప్లాస్టిక్ చెడకుండుటకు కలిపిన ఒక పదార్థము మార్పు చెంది, ద్రవములోనికి దిగుచున్నది. లీటరుకు ఒక మిల్లీగ్రాముకంటె తక్కువ ఉన్నను అది కణములకు చేటు. కడుగుట తప్పినది గాని పరీక్షించుట తప్పలేదు.

రెండవ దోషము కొలతకు సంబంధించినది. ఘనాకారపు ద్రవము భుజమును 10 రెట్లు పెంచినచో పై ఉపరితలము 100 రెట్లు, ఘనపరిమాణము 1000 రెట్లు అగును. చిన్న గొట్టములో పైనుండి చాలిన గాలి పెద్ద తొట్టిలో చాలదు. అడుగునుండి బుడగలు పంపవలెను. అవి పగులునపుడు కణములు దెబ్బతినవచ్చును. చిన్న పాత్రలో గెలిచిన కణము పెద్ద తొట్టిలో ఓడుట వింత కాదు.

మూడవది పరాధీనత. అమెరికా నుండి సంచులు, వడపోత సాధనములు రాక టీకాల ఉత్పత్తికి ఆటంకము కలుగునని 2021 మార్చిలో పుణె సీరం ఇన్‌స్టిట్యూట్ అధిపతి అదార్ పూనావాలా బహిరంగముగా చెప్పిరి. ఉక్కు తొట్టి ఉన్నవాడు దానిని కడిగి మరల వాడుకొనును. సంచి లేనివాడు పని ఆపవలెను. వాడిన సంచి అడ్డాకువలె మట్టిలో కలిసిపోదు కూడ.

కనుక ఈ పాత్రలు కణములను ఎంచుటకు, పద్ధతి నేర్చుటకు మేలైనవి. కాని వాటి ఫలితమును తుది తీర్పుగా గైకొనరాదు. ఉపాధ్యాయులు ఇందలి మూలసూత్రమును తరగతిలోనే చూపవచ్చును. గ్లూకోజు, కాస్టిక్ సోడా, కొంచెము మిథిలీన్ బ్లూ కలిపిన నీటిని రెండు సీసాలలో, ఒకదానిలో సగమునకు, రెండవదానిలో మూతవరకు పోసి బిరడా బిగించి, నీలిరంగు పోవువరకు ఉంచవలెను. (కాస్టిక్ సోడా ఒంటికి తగులరాదు; ఆ పని ఉపాధ్యాయుడే చేయవలెను.) పిమ్మట రెండింటిని కుదిపినచో సగము సీసా మరల నీలమగును, నిండుసీసా కాదు. ద్రవము ఒక్కటే, తేడా గాలికి విడిచిన చోటులోనే ఉన్నది. పాత్ర కూడ ప్రయోగములో భాగమేయని విద్యార్థి గ్రహించినచో, రేపు ఏ ఔషధశాలలో పనికి కుదిరినను మోసపోడు.