జారుడులోంచే పట్టు

అమెరికాలో మిషిగన్ రాష్ట్రానికి ఉత్తర కొసన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన కీవినా ద్వీపకల్పంలో ఏటా సగటున 200 అంగుళాల దాకా మంచు పడుతుంది. అలాంటి సీమల్లోనూ, వెనక రెండు చక్రాలకే ఇంజన్ బలం అందే పికప్ ట్రక్కుతో చలికాలం గడిపేవాళ్లున్నారు. ఆ రెండు చక్రాలకే పట్టు పెంచడానికి వాళ్లు వాడే సాధనాల్లో మెచ్చుకోదగ్గ పనితనం ఉంది.

ముందు చిక్కేమిటో చూద్దాం. పికప్‌లో ఇంజను, గేర్‌బాక్సు, క్యాబిన్ అన్నీ ముందువైపే. వెనకున్నది ఖాళీ తొట్టి. సరుకు లేని బండి బరువులో దాదాపు 60 శాతం ముందు చక్రాల మీద పడుతుంది. లాగాల్సినవేమో వెనకవి. చక్రం నేలను ఎంత గట్టిగా పట్టుకుంటుందో రెండు విషయాలు తేలుస్తాయి: దాని మీదున్న బరువు, రబ్బరుకూ నేలకూ మధ్య ఘర్షణ. పొడి తారురోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 పైచిలుకు. బళ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద 0.2, 0.3. నున్నటి ఐసు మీద 0.1కి దిగజారుతుంది. ఆ పట్టుకు మించి ఇంజన్ ఎంత బలమిచ్చినా చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

అన్నిటికన్నా చవకైన మందు ఇసుక. అక్కడి హార్డ్‌వేర్ దుకాణాల్లో 60 పౌండ్ల పొడవాటి ఇసుక సంచులు దొరుకుతాయి. నాలుగు వేస్తే దాదాపు 110 కిలోలు. ఎక్కడ వేశామన్నది ముఖ్యం. సరిగ్గా వెనక ఇరుసు మీద, చక్రాల గూళ్ల మధ్య పడాలి. తొట్టి తలుపు దగ్గర పడేస్తే ఇరుసే ఆనిక అయి, ముందు చక్రాల మీది బరువు తేలిపోతుంది, స్టీరింగ్ మాట వినదు. బ్రేకు వేసినప్పుడు సంచులు ముందుకు దూసుకురాకుండా కట్టడి కూడా కావాలి. చాలా ట్రక్కుల తొట్టి పక్కగోడల్లో నిలువు గాడులు ఒత్తి ఉంటాయి. వాటిలోకి అడ్డంగా చెక్క పలక దింపితే సంచులకు గది తయారవుతుంది. మేకు అక్కర్లేదు, బోల్టు అక్కర్లేదు. బండి ఎక్కడైనా కూరుకుపోతే అదే ఇసుకను చక్రాల కింద చల్లుకోవచ్చు.

రెండోది టైరు. 1934లో ఫిన్లాండ్‌లో, నేటి నోకియన్ టైర్ల సంస్థకు మూలమైన కంపెనీ, తొలి వింటర్ టైరును తయారుచేసింది. అది చేసింది కూడా ట్రక్కుల కోసమే. మామూలు టైరు రబ్బరు ఉష్ణోగ్రత 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే బిరుసెక్కడం మొదలవుతుంది. వింటర్ టైరు రబ్బరులో సిలికా పాలు పెంచి, గడ్డకట్టే చలిలోనూ మెత్తగా ఉండేలా చూస్తారు. ట్రెడ్ దిమ్మల మధ్య గాడులు లోతుగా, వెడల్పుగా ఉంటాయి. వాటిలోకి మంచు దూరి బిగుసుకుంటుంది. మంచును మంచే బాగా పట్టుకుంటుంది కాబట్టి, గాడిలో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచును పట్టి లాగుతుంది.

ఒక్కో దిమ్మను దగ్గర్నుంచి చూస్తే, కత్తితో గీసినట్టు వంకరటింకర కోతలు కనిపిస్తాయి. వీటిని సైపులంటారు. చక్రం ఒత్తిడికి కోతలు విచ్చుకుని, ఒక్కో అంచూ మంచును గీరుతుంది. ఐసు మీద ఉండే పల్చటి నీటి పొరను కూడా అవి తుడిచేస్తాయి. మరీ ఎక్కువ కోతలుంటే దిమ్మ చతికిలబడాలి కదా? అందుకే కోత లోపలి గోడలనూ మెట్లు మెట్లుగా మలుస్తారు. దిమ్మ వంగబోతే ఆ మెట్లు ఒకదాన్నొకటి తన్ని నిలబెడతాయి.

మూడోది వెనక ఇరుసు నడిమధ్యన ఉండే డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి, రెండు చక్రాలకూ వేర్వేరు వేగాలిస్తుంది. కానీ టార్కును, అంటే తిప్పే బలాన్ని, మాత్రం రెండింటికీ సమానంగానే పంచుతుంది. ఒక చక్రం ఐసు మీద ఉంటే, ఆ బలహీనమైన చక్రం ఎంత భరిస్తుందో రెండోదానికీ అంతే అందుతుంది. జోడెద్దుల్లో ఒకటి మొరాయిస్తే రెండోదాని సత్తా కూడా కాడి దగ్గరే ఆగిపోయినట్టు.

1970ల నుంచి జనరల్ మోటర్స్ (జీఎం) ట్రక్కుల్లో జీ80 అనే గుర్తుతో వస్తున్న ఈటన్ లాకర్ అనే డిఫరెన్షియల్ దీనికి ముచ్చటైన జవాబు. దాని లోపల, వేగంగా తిరిగితే విచ్చుకునే రెండు చిన్న బరువులతో గవర్నర్ అనే భాగం ఉంటుంది. చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి 100 చుట్లు దాటిందా, ఆ బరువులు బయటికి విచ్చుకుని ఒక కొక్కేనికి తగులుకుంటాయి. గవర్నర్ ఆగిపోతుంది. దానితో పళ్లు కలిసిన కామ్ పలక కూడా ఆగుతుంది. పక్కనున్న గేరు ఇంకా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, వాలు అంచు మీదుగా పైకెక్కి క్లచ్ పలకలను నొక్కేస్తుంది. ఇరుసు మొత్తం ఒక్కటైపోతుంది. మామూలు మలుపుల్లో అంత తేడా రాదు. గంటకు 32 కిలోమీటర్ల వేగం దాటాక కొక్కెం తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. తీగ లేదు, మీట లేదు.

ఇప్పుడు అన్నిటినీ కలిపి లెక్క వేద్దాం. 2,000 కిలోల ఖాళీ బండికి వెనక 800 కిలోలు పడుతుందనుకుందాం. గుణకం 0.2 అయితే లాగుడు 160 కిలోల బలం. ఇసుకతో బరువు 910 అయి, లాగుడు 182కి చేరుతుంది. మంచి టైర్లతో గుణకం 0.3 అయితే 273. ఇక ఒక చక్రం 0.1 గుణకమున్న ఐసు మీదికి వెళ్లిందనుకోండి: మామూలు డిఫరెన్షియల్‌తో లాగుడు 91కి కూలుతుంది, లాకర్‌తో 182 మిగులుతుంది.

కాకపోతే ఆగడంలో లాకరు సాయపడదు. ఇసుక వల్ల పట్టుతో పాటు ఆపాల్సిన బరువూ పెరుగుతుంది. కదలడానికీ, తిరగడానికీ, ఆగడానికీ మూడింటికీ అక్కరకొచ్చేది టైరొక్కటే. అందుకే తెలిసినవాళ్లు ముందు నాలుగు చక్రాలకూ వింటర్ టైర్లు వేస్తారు, ఆ తర్వాతే ఇసుక, లాకరు. ఈ మూడింటిలో ఏదీ ఇంజన్‌కు ఒక్క గుర్రపు బలం కూడా చేర్చదు. బండిని జార్చే మంచునే టైరు పట్టుగా వాడుకుంటుంది, చక్రం గింగిరాలు తిరగడాన్నే లాకరు తాళంగా మార్చుకుంటుంది. చేటు చేసేదానితోనే పని చేయించుకోవడం ఈ పనితనంలోని గొప్ప.